‘అది వాడి తలరాత’ అని చెప్పొచ్చా? (ఫోన్-ఇన్)

యాంకర్: హలో, ఎక్కడి నుంచండీ?

కాలర్: ఖమ్మం నుంచండి. మా పాప ఏడో తరగతి. ‘ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పైజామాస్’ అని, హిట్లర్ కాలంలో యూదుల్ని బంధించిన క్యాంపు మీద నవల చదివి ఒకటే ఏడుపు. అందులో బ్రూనో అని ఆ క్యాంపు కమాండెంట్, అంటే పెద్దాఫీసర్ కొడుకు, స్నేహితుడి కోసం కంచె దాటి లోపలికెళ్లి చనిపోతాడు. లైట్ తీస్తే పడుకోవట్లేదు. ‘బ్రూనోకి ఏమీ తెలీదు కదమ్మా, వాడెందుకు చావాలి’ అంటుంది. వాడి తలరాత అంతే అన్నాను. ఇంకా ఎక్కువ ఏడ్చింది. నాకు టెన్షన్‌గా ఉంది మేడమ్.

నిపుణురాలు: ఏడిస్తే ఏడవనివ్వండమ్మా. పాప ష్మూయెల్ పేరు ఎత్తిందా?

కాలర్: కంచె లోపలి బాబా? లేదండీ, బ్రూనో గురించే.

నిపుణురాలు: నా పేచీ అక్కడే. ఇద్దరూ ఒకే రోజు పుట్టిన తొమ్మిదేళ్ల పిల్లలు. చేయి చేయి పట్టుకునే ఆ విషవాయువు గదిలో ఉన్నారు. కథంతా కమాండెంట్ కొడుకు వైపు నుంచి నడుస్తుంది కాబట్టి మన కన్నీళ్లన్నీ వాడికే. పొరపాటున వెళ్లినవాడిది అన్యాయమైతే, మిగతావాళ్లది న్యాయమా? పాపను ఈ ఒక్కటీ అడగండి.

కాలర్: అవును కదా... అలా ఆలోచించలేదు.

నిపుణురాలు: ఇంకోటి, తలరాత అనకండి. ఆష్విట్జ్ అనే హిట్లర్ నాజీల మరణశిబిరానికి సుమారు 2,32,000 మంది పిల్లల్ని తరలించారు, అందులో 2,16,000 మంది యూదులు. ఎవరో ఆర్డర్ వేశారు, ఎవరో రైలు నడిపారు. ఆ వయసు యూదు పిల్లల్ని చాలావరకు దిగిన రోజే చంపేసేవాళ్లు. కరెంటు కంచె పక్కన కూర్చుని కబుర్లంటే కల్పనే. బ్రూనో అమాయకత్వం కూడా నమ్మబుద్ధి కాదు. జర్మన్ మగపిల్లలు పదేళ్లకే హిట్లర్ దళంలో చేరాలి, బళ్లో యూదుల మీద ద్వేషం నూరిపోసేవాళ్లు. హోలోకాస్ట్, అంటే నాజీలు యూదుల్ని సామూహికంగా చంపిన చరిత్ర, చదివేవాళ్లు, బోధించేవాళ్లు ఈ నవల జోలికి పోవద్దని ఆష్విట్జ్ మ్యూజియమే 2020లో చెప్పింది.

కాలర్: మరి లాగేసుకోమంటారా?

నిపుణురాలు: లాక్కుంటే దుప్పట్లో దాచుకుని చదువుతుంది! తర్వాత ‘నంబర్ ద స్టార్స్’ అనే నవల ఇవ్వండి. 1943, డెన్మార్క్. రాత్రివేళ జర్మన్ సైనికులొస్తే, పదేళ్ల ఆనెమరీ తన యూదు స్నేహితురాలి మెడలోని నక్షత్రం గొలుసు (నక్షత్రం యూదుల గుర్తు) తెంపి గుప్పిట్లో దాస్తుంది. వాళ్లు వెళ్లాక చూస్తే అరచేతిలో నక్షత్రం అచ్చు పడి ఉంటుంది. నిజంగానే అక్కడి జనం ఏడు వేల మందికి పైగా యూదుల్ని పడవల్లో స్వీడన్ చేర్చారు. తలరాతే అయితే వీళ్లెలా బతికారు?

కాలర్: మొదటి దానికి సినిమా కూడా ఉందటండీ, చూపించొచ్చా?

నిపుణురాలు: ఇప్పుడే వద్దు. ఆ గదిలో ఏం జరిగిందో పుస్తకం పేరు పెట్టి చెప్పదు, సినిమా చూపిస్తుంది.

యాంకర్: థాంక్యూ అండీ. నెక్స్ట్ కాలర్ లైన్లో ఉన్నారు...