ఓస్టియాకు ఒక పూట ఇవ్వండి

అధ్యక్షులవారికి, పెద్దలకు నమస్కారం. శాలువాలతో ఇప్పటికే ఆలస్యమైంది, సూటిగా విషయానికొస్తాను. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ నాణేల గురించి చెప్పమన్నారు. నాణేల బొమ్మలు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రోమ్ ఏం తిని బతికిందో తెలియాలంటే మాత్రం టైబర్ నది ఒడ్డున ఆ నగరపు పాత రేవుపట్నం ఓస్టియా ఆంటికా చూడాలి.

మనవాళ్ల ఇటలీ టూరులో కొలోసియం ఉంటుంది, వాటికన్ ఉంటుంది, పాంపే ఉంటుంది. ఓస్టియా ఊసే ఉండదు. అడిగితే "అవీ మొండిగోడలేగా" అంటారు. అయ్యా, పాంపేని క్రీ.శ. 79లో అగ్నిపర్వతం కప్పేసింది. ఓస్టియా ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లు బతికింది. దగ్గర్లోనే కట్టిన కొత్త రేవు పోర్టస్‌కు వ్యాపారం తరలింది, నది ఒండ్రు మేట వేసింది, జనం మెల్లగా ఖాళీ చేశారు. అందుకే అద్దెకుండేవాళ్ల ఇటుక మేడలు ఇక్కడ మిగిలాయి: కింద దుకాణం, పక్కనే పైకి మెట్లు.

వెళ్లడం తేలిక. మెట్రో బి లైనులో పిరమిదే దిగి, పక్కనే ఉన్న పోర్టా సాన్ పావ్లో స్టేషన్లో లోకల్ రైలెక్కితే అరగంట. మామూలు మెట్రో టికెట్టే చాలు. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి. బాట నిండా ఎగుడుదిగుడు నల్లరాతి పలకలు. పల్చటి చెప్పులతో వెళితే అరికాళ్లు మిగలవు.

చాలామంది గేటు దగ్గర్నుంచే ప్రతి గోడా చూస్తూ థియేటర్ చేరేసరికి అలసిపోతారు. మీరు నేరుగా థియేటర్‌కే వెళ్లండి. దాని వెనక చౌకం చుట్టూ వర్తకుల గదులు, వాటి ముందు నేల మీద నలుపు తెలుపు రాళ్ల బొమ్మలు. ఉత్తర ఆఫ్రికా పట్టణం సబ్రతా వర్తకులది ఏనుగు. ఇంకొన్నిచోట్ల ఓడలు, దీపస్తంభం, ధాన్యం కొలిచే కుంచం. చలికాలంలో కొన్నింటిని పట్టాలు, ఇసుకతో కప్పుతారు. దయచేసి లేపి చూడకండి!

వెనక వరుసకు వినిపిస్తోందా? అసలు సంగతి ఇప్పుడే వస్తోంది, తిరగళ్లు.

మోలీని వీధి పిండిమరలో నడుమెత్తు రాళ్లు నిలబడి ఉంటాయి. అడుగురాయి శంకువు. పైరాయి నడుము సన్నగా, డమరుకంలా ఉంటుంది. పైగిన్నెలో గింజలు పోస్తే రెండు రాళ్ల సందులో నలిగి చుట్టూ పిండి రాలుతుంది. నడుము దగ్గరి చదరపు రంధ్రాల్లో దూలాలు దూర్చి గాడిదలను కట్టి తిప్పేవారు. కింద నేల చూడండి, వీధిలో పరిచిన పలకలే. మామూలు గచ్చయితే గిట్టల తాకిడికి గుంతలు పడేది. రాయి అగ్నిపర్వతపు లావాది. అరిగేకొద్దీ లోపలి కొత్త బొరియలు తేలి గరుకు పోదు. కాకపోతే రాతినలుసు పిండిలో కలిసేది, తిన్నవాళ్ల పళ్లు అరిగేవి.

దీన్ని చూడకుండా "రోమ్ చూశాం" అంటారా? టూరు నడిపేవారు సభలో ఉంటే, షాపింగ్ పూటొకటి తీసి ఇక్కడ పెట్టండి.

ఓపికుంటే సముద్రం వైపు గేటు దాటి సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరందాకా నడవండి. 1961లో విమానాశ్రయం రోడ్డు వేస్తుంటే బయటపడింది. పొద్దున్నే బయల్దేరండి, మూసే వేళకు గంట ముందే టికెట్లు ఆపేస్తారు.