దాచిపెట్టే ముందే గడువు రాయండి

శ్రోతలందరికీ నమస్కారం.

దసరా దగ్గర పడుతున్నది. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఏ గల్లీలో చూసినా బూజులు దులపడం, బొంతలు ఉతికి ఆరేయడం. సజ్జ మీది సామానంతా కిందికి దిగుతుంది. తుడుస్తాం. అదే సామాను మళ్లీ అదే సజ్జ మీదికి ఎక్కిస్తాం. ఇల్లు శుభ్రమవుతుంది గానీ జాగా మాత్రం పెరగదు. ఎందుకంటే తుడవడం తేలిక. ఇది ఉంచాలా, తీసేయాలా అని తేల్చుకోవడమే కష్టం. అక్కడికి వచ్చేసరికి "ఉండనీ, ఎప్పుడన్నా పనికొస్తది" అనేస్తాం.

నేను చాలా ఏండ్లు జిల్లా ఆఫీసుల్లో రికార్డు సెక్షన్‌లో పనిచేశాను. అక్కడ పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉంది. ఒక ఫైలు మీద పని ముగిసిందంటే, రికార్డు రూముకు పంపే ముందే దాని మీద గడువు రాయాలి. ఎల్.డిస్. అని రాస్తే ఒక ఏడాది ఉంచాలి. డి.డిస్. అంటే పదేండ్లు. ఆర్.డిస్. అంటే శాశ్వతం. ఆ పని చూసిన గుమాస్తానే ఆ అక్షరాలు వేసేవాడు. కాగితం విలువ ఆ రోజు ఆయనకు తెలిసినంతగా పదేండ్ల తర్వాత వచ్చేవాళ్లకు తెలియదు కదా!

1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంటే భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసిన పాత రికార్డు, దాని నకలు కావాలని రైతులు ఆఫీసుల చుట్టూ తిరగడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఊరి పేరు, సర్వే నంబరు చెబితే ఎర్రగుడ్డ మూట విప్పి ఆ పుట తీసి చూపించేవాళ్లం. ఏడాది కాగితాలు ఏడాదికే బయటికి పోయాయి కాబట్టే ఆ పాత పుట దొరికింది. అన్నీ కలిపి దాచి ఉంటే అది అడుగున ఎక్కడో ఉండేది.

ఈ పద్ధతి ఇండ్లకు తప్పక రావాలని నా గట్టి కోరిక. ముఖ్యంగా కాగితాలకు.

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో మన ఊరి కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీసిన తర్వాత దండేల మీద, మంచాల మీద కాగితాలు ఆరేసిన ఇండ్లు చూశాను. ఒక ఇంట్లో పాత కరెంటు బిల్లులు, ఇంటి పిల్ల పదో తరగతి మెమో ఒకే కవర్లో ఉన్నాయి. నానిపోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఆ తల్లి గోటితో అంచు పట్టుకొని మెల్లగా విడదీస్తున్నది. బిల్లు పోతే ఎవరికీ నష్టం లేదు. దాంతోపాటు మెమో మీది అక్షరాలూ లేచిపోతున్నాయి.

అందుకే శాశ్వతంగా ఉండాల్సినవి ముందు వేరు చేయండి. పుట్టిన సర్టిఫికెట్లు, చదువుల మెమోలు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు, దానికి ముందటి లింకు డాక్యుమెంట్లు, పెండ్లి రిజిస్ట్రేషన్ పత్రం, పింఛను కాగితాలు. ఇవి ఒక్క ఫైలులో పడతాయి. బీరువా పై అరలో, గోడకు తగలకుండా పెట్టండి. చెదలు గోడ వెంబడే వస్తాయి. రెండు డాంబర్ గోలీలు గుడ్డలో కట్టి వేయండి, కాగితానికి నేరుగా తగలనీయకండి. ఒరిజినల్ మెమోలకు లామినేషన్ మాత్రం వద్దు. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడి రాదు.

ఫ్రిజ్జు, మిక్సీ కొన్న రసీదులకు వారంటీ ఉన్నన్నాళ్లే గడువు. ఈ రోజుల్లో దుకాణాల్లో ఇచ్చే నున్నటి చీటీ వేడితో అచ్చయ్యేది. కొన్నాళ్లకు తెల్లగా అయిపోతుంది, కొన్న రోజే ఫోటో తీసుకోవాలి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన రైతుకు తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. పైసలు ముట్టి, అప్పుల లెక్క తేలేదాకా అది భద్రంగా ఉండాలి. ఆ తర్వాత దానికీ ఒక తేదీ రాయండి.

డిజిలాకర్ 2015లో వచ్చింది. అందులోకి సంబంధిత శాఖ నుంచే నేరుగా వచ్చిన పత్రానికి ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంది. మనమే ఫోటో తీసి ఎక్కించుకున్నదానికి ఆ విలువ లేదు. ఈ తేడా పిల్లలకు చెప్పండి.

ఇక నన్ను బాగా కదిలించిన సంగతి ఒకటి. భర్త పోయిన కొన్నాళ్లకు ఒక పెద్దమ్మ మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో బియ్యం సంచి. బల్ల మీద బోర్లించింది. పెండ్లి పత్రికలు, బస్‌పాసులు, చిట్టీ పుస్తకాలు, మందుల చీటీలు. "సారూ, ఇందుల ఏది పనికొస్తదో మీరే జర చూడుండ్రి" అన్నది. బీమా బాండు ఒక పాత క్యాలెండరు మడతలో దొరికింది. ఆయన ఏ కాగితమూ పారేయలేదు. ఏది ఏమిటో ఇంట్లో ఎవరికీ చెప్పనూ లేదు. ఇల్లు చిందరవందరగా ఉంటే ఆడవాళ్లను అంటాం. కాగితాల చిందరవందర మాత్రం చాలా ఇండ్లల్లో మగవాళ్లదే. ఇది ఇంటి పెద్దలు మనసుకు తీసుకోవాలి. ఒక నోటుబుక్కులో ఏ కాగితం, ఎక్కడుంది, ఎప్పటిదాకా ఉంచాలి అని రాయండి. ఆ నోటుబుక్కు జాగా ఇంట్లో కనీసం ఇద్దరికి తెలియాలి.

వస్తువులకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే అక్కడ మనసు అడ్డం వస్తుంది. ఒడిబియ్యం పోసినప్పుడు వచ్చిన రవిక ముక్కలు, చీరలు ఎన్ని బీరువాల్లో మూలుగుతున్నాయో! గౌరవంగా పెట్టినవి, తీసేయడానికి చేతులు రావు. పుట్టింటివాళ్లు పెట్టిన చీర ఉంచుకోండి, అది ఆర్.డిస్. అనుకోండి. మిగతావి వచ్చే దసరాలోపు కుట్టించుకుంటారా, బొట్టు పెట్టి ఇంకొకరికి ఇస్తారా, అప్పుడే తేల్చుకోండి. పాత నూలు చీరలు బొంతలకు పోతాయి. ఆ విషయంలో మన అమ్మలకు మనం నేర్పాల్సింది ఏమీ లేదు.

ఆఫీసు బల్ల గురించి ఒక్క మాట. సాయంత్రం లేచే ముందు బల్ల మీద మిగిలిన ప్రతి కాగితం మీద పెన్సిల్‌తో ఒక తేదీ వేయండి, మళ్లీ దాన్ని ఎప్పుడు చూడాలో. తేదీ వేయలేకపోతున్నారంటే ఆ కాగితం మీ దగ్గర ఉండాల్సింది కాదు, పై అధికారికో పక్క సెక్షన్‌కో పోవాల్సింది.

గడువు తీరినవి బయటికి పంపేటప్పుడు కూడా కొంచెం ఆగి చూడండి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, సంతకం ఉన్న చోటు ముక్కలుగా చింపేయండి. మిగిలిన కాగితం పాత పేపర్లతో పాటు కిలోల లెక్కన పోతుంది. విరిగిన ఇనుము, ప్లాస్టిక్ తీసుకొని ఉల్లిగడ్డలిచ్చే బండి మీ గల్లీకే వస్తుంది. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేయడం మన ఊరికి కొత్త కాదు, 2012లో చెత్త నిర్వహణ మీద క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ జరిగింది ఇక్కడే. పాత సెల్‌ఫోన్లు, బ్యాటరీలు మాత్రం ఆ రెండింటిలోనూ కలపకండి, మున్సిపల్ బండి వచ్చినప్పుడు విడిగా చేతికివ్వండి.

సెలవు.