ఖాజాగూడ గుట్ట మీద పొద్దుగుంకే వేళ ఫొటోలు ఇలా తీయండి

నమస్తే అండి. ఇప్పుడు టైం మూడున్నర, ఖాజాగూడ గుట్ట కింద ఉన్నా. డిసెంబర్ చివర కదా, హైదరాబాద్‌లో పొద్దు పావుతక్కువ ఆరు దాటగానే గుంకేస్తుంది. ఒక్కదాన్నే వచ్చా, అందుకే ముందు ఇది, చూడండి, మా అక్కకి లైవ్ లొకేషన్ పంపేశా. లీటరు నీళ్ళు, హెడ్‌ల్యాంప్, ట్రైపాడ్. పదండి.

ఎక్కుతూ ఎక్కుతూ వెనక్కి తిరిగి చూసుకోండి. దిగేటప్పుడు దారి వేరేలా కనబడుతుంది. ఇదిగో, ఒకదాని మీద ఒకటి ఉన్న ఈ రెండు గుండ్లు, ఇవి నా గుర్తు.

వచ్చేశాం. ఈ బండని దగ్గరగా చూపిస్తా ఆగండి. 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ అండి ఇది. ఈ గులాబీ పలుకులు చూశారా, మధ్యలో తళుక్కుమనే క్వార్ట్జ్... వెలుగు పక్కనుంచి పడితే ఈ గరుకంతా పైకి లేస్తుంది. నేను సూర్యుడి కోసం కాదు, దీని కోసం వస్తా.

సెట్టింగులు. ఎ మోడ్, అంటే లెన్స్ రంధ్రం ఎంతో మనం పెడితే షట్టర్ వేగం కెమెరానే చూసుకుంటుంది. ఆ రంధ్రం ఎఫ్ 8, వెలుగుకి కెమెరా స్పందించే ఐఎస్ఓ 100, నొక్కినప్పుడు కెమెరా కదలకుండా రెండు సెకన్ల టైమర్. ఇదిగో, ఇలా. ఇవన్నీ నేను డయల్‌లో సీ1 మీద సేవ్ చేసుకున్నా, ఒక్క తిప్పు చాలు. రిమోట్ కూడా కొనక్కర్లేదు, టైమర్ ఉంటే సరిపోతుంది.

ఇక్కడ మాత్రం ఆగుదాం. వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగుని బట్టి ఫొటో రంగుల్ని సరిచేసే సెట్టింగ్. పోయిన జనవరిలో ఇదే బండ మీద గంటసేపు తీశా, అది ఆటోలో పెట్టి, మామూలు జేపెగ్ ఫైల్‌లో. ఇంటికెళ్ళి చూస్తే బండంతా సిమెంటు రంగు! కళ్ళారా చూసిన ఆ బంగారం రంగు ఒక్క ఫొటోలో లేదు. ఎందుకంటే ఆటోలో కెమెరా ఆ నారింజ రంగుని తప్పనుకుంటుంది, నీలం కలిపి సరిచేస్తుంది. అందుకని ఇక్కడ నొక్కండి, ఆటో తీసేయండి, ఈ ఎండ గుర్తు పెట్టండి. మళ్ళీ చూడండి... ఆటో... ఎండ గుర్తు. తేడా చూశారా? ఫోన్ అయితే కెమెరా ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ 5500 దగ్గర పెట్టండి. రా (RAW) ఫైల్, అంటే కెమెరా మార్పులు చేయకముందు దాచే ఫైల్, అది కూడా ఆన్ చేసుకోండి, రంగు తర్వాతైనా మార్చుకోవచ్చు.

ఈ నెలలో సూర్యుడు నేరుగా పడమట దిగడు, నైరుతికి జరుగుతాడు. అదిగో, కోకాపేట టవర్ల వైపు. రెండు ఫొటోలు తీసి వదిలేయండి. ఇప్పుడు ఎడమకి తిరగండి, బాగా తిరగండి. గోల్కొండ! పక్క వెలుగులో కోట గోడ మడతలు కూడా తెలుస్తున్నాయి. ముందు ఈ బండ, వెనక కోట. ఫోకస్ బండ మీద.

పొద్దు గుంకింది కదా అని బ్యాగు సర్దకండి. ఇంకో పదిహేను నిమిషాలు. షట్టర్ తెరుచుకుని ఉండే సమయం అర సెకను దాకా పోతుంది, ట్రైపాడ్ కదిలించకండి. ఆకాశం ఊదా రంగుకి తిరుగుతోంది... ఇది, ఇదే.

చాలు. హెడ్‌ల్యాంప్ వేసుకున్నా, రెండు చేతులూ ఖాళీ. ఆ రెండు గుండ్లు ఎక్కడ... అవిగో. దిగుతున్నా.