బొలోన్యా సంత, బాతు ఈకల జాకెట్, మెడకో చున్నీ

మరదలు: నమస్కారం. వదినా మరదళ్ళ కబుర్లకు స్వాగతం. నేను విజయవాడలో, మా వదిన ఇటలీలో, బొలోన్యాలో. వదినా, ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో సగం ఒకటే అడుగుతున్నాయి. అక్కడి ఆడవాళ్ళు పాల ప్యాకెట్టు కోసం కూడా ఎత్తు మడమల చెప్పులు, ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్ళద్దాలతోనే బయలుదేరతారా?

వదిన: నల్ల కళ్ళద్దాలు నిజమే. మబ్బు పట్టినా తీయరు. మిగతా రెండూ సినిమావాళ్ళ పుణ్యం. రోమ్‌లో పాత వీధుల్లో పిడికెడంత నల్లరాతి ముక్కలు పరిచి ఉంటాయి. ముక్కకూ ముక్కకూ మధ్య సందు. సన్నటి మడమ అందులో దిగిందంటే చెప్పు అక్కడ, మనిషి ఇక్కడ. అందుకని పొద్దున బస్సు ఎక్కి కిందికి చూస్తే కనిపించేవన్నీ స్నీకర్లే, ఎక్కువగా తెల్లవి. సుపెర్గా అని టోరినో ఊరి కంపెనీ ఒకటుంది, 1911 నాటిది. వాళ్ళ గుడ్డ బూట్లు తల్లీ కూతుళ్ళిద్దరూ వేసుకుంటారు.

మరదలు: అంటే మనలాగే మామూలుగానే ఉంటారన్నమాట.

వదిన: జనవరిలో వచ్చి చూడు. అందరి ఒంటి మీదా ఒకటే జాకెట్. లోపల బాతు ఈకలు కూరి, అడ్డంగా వరసలు కుట్టినది. పియుమీనో అంటారు. నలుపు, లేదంటే ముదురు నీలం. ఉన్నవాళ్ళది మోంక్లేర్ అనే ఖరీదైన కంపెనీది, లేనివాళ్ళది సంతలో కొన్నది. కింద జీన్స్, మెడకు మఫ్లర్, ఒక భుజం మీంచి రెండో వైపు నడుముకు అడ్డంగా వేసుకున్న చేతిసంచి. అలా అడ్డంగా వేసుకోవడం సోకు అనుకునేరు. స్కూటర్ మీద వచ్చి లాక్కుపోయే దొంగల భయం అది.

మరదలు: మరి ప్రపంచమంతా వాళ్ళ బట్టల గురించి ఎందుకంత గొప్పగా చెప్పుకుంటుంది?

వదిన: బట్ట మామూలుదే తల్లీ. దాని వెనక చాకిరీ ఉంది చూడు, అది మామూలుది కాదు. ఇక్కడ ఇళ్ళకు సాధారణంగా ఉండే కరెంటు కనెక్షన్ 3 కిలోవాట్లు. వాషింగ్ మెషిన్, ఓవెన్ రెండూ నడుస్తుండగా ఇస్త్రీపెట్టె పెట్టావా, టప్పున ఇల్లంతా చీకటి. కాబట్టి ఏది ముందు, ఏది వెనక అని ప్రతి ఇల్లాలి బుర్రలోనూ ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది. బట్టలు ఆరబెట్టే యంత్రం చాలా ఇళ్ళలో లేనే లేదు. బాల్కనీలో దండెం, చలికాలమైతే హాల్లో మడత స్టాండు. మా ఎదురింటి పెద్దావిడ బట్టలు ఆరేయడం చూడాలి నువ్వు. చొక్కాను రెండు సార్లు గట్టిగా దులుపుతుంది. కాలరు, పట్టీలు వేళ్ళతో లాగి సాపు చేస్తుంది. తలకిందులుగా వేలాడదీసి, పక్క కుట్టు దగ్గర మాత్రమే క్లిప్పు పెడుతుంది, ముందు వైపు గుడ్డ మీద పంటిగాటు పడకుండా. ముదురు రంగులన్నీ తిరగేసి, ఎండ తగలని వరసలో. అదంతా అయ్యాక ఇస్త్రీ. దుప్పట్లకు, తువ్వాళ్ళకు, జీన్స్‌కు, కొందరైతే లోదుస్తులకు కూడా.

మరదలు: లోదుస్తులకు ఇస్త్రీనా!

వదిన: నవ్వకు. నాకైతే ఆ ఓపిక లేదు, మీ అన్నయ్యకు అంతకన్నా లేదు. ఒకటి మాత్రం చెప్పాలి. ఇటాలియన్ సొగసు అని పుస్తకాలు రాసేవాళ్ళెవరూ ఆ ఇస్త్రీ బల్ల దగ్గర ఎవరు నిలబడ్డారో రాయరు. ఇక్కడ పనిచేసే వయసున్న ఆడవాళ్ళలో ఉద్యోగం ఉన్నవాళ్ళు సగానికి కాస్త ఎక్కువ, అంతే. యూరోపియన్ యూనియన్‌లో అట్టడుగు వరస అది. వీధిలో మగవాళ్ళ చొక్కాలు అంత నలగకుండా ఉన్నాయంటే ఇంట్లో ఒకావిడ నలుగుతోందని అర్థం.

మరదలు: అబ్బ! సరే, చాకిరీ సంగతి తెలిసింది. బట్టలు ఎక్కడ కొంటారు? అందరూ ఆ పెద్ద పేర్ల దుకాణాల్లోనేనా?

వదిన: పెద్ద పేర్ల దుకాణాల ముందు వరసలో ఉండేది యాత్రికులు. ఇక్కడివాళ్ళు సంతకు వెళ్తారు. బొలోన్యాలో ఓత్తో అగోస్తో కూడలిలో శుక్ర, శనివారాల్లో లా పియాత్సోలా అని సంత జరుగుతుంది. ఒక కొట్టులో ఊలు స్వెట్టర్లు గుట్టగా పోసి ఉంటాయి. పక్కనే లినెన్ గౌన్లు తగిలించి ఉంటాయి, వాటి మీద కొలత ఉండదు, ఒకటే సైజు. ఆ ఒక్క సైజు ఒళ్ళున్నవాళ్ళకు పట్టదు, అది వేరే సంగతి. చాలా సరుకు ప్రాతో నుంచి వస్తుంది. ఫ్లోరెన్స్ పక్కన ఊరు. పాత ఊలు బట్టలు, పీలికలు తెచ్చి, పీచు చేసి, మళ్ళీ దారం వడికి నేయడం ఆ ఊరి పాత విద్య. ఇప్పుడు అక్కడ చైనావాళ్ళ కుట్టు కార్ఖానాలు వేలల్లో ఉన్నాయి. ఇటలీలో తయారైంది అనే చీటీ అబద్ధం కాదు, కుట్టిన చెయ్యి ఎవరిదో ఆ చీటీ చెప్పదు.

మరదలు: సంతలో గుట్ట కలియబెట్టి ఏరుకోవడం అంటే నాకు ప్రాణం.

వదిన: వాళ్ళు ఏరే తీరు వేరు. ముందు రంగు చూడరు. తిరగేసి లోపలి కుట్టు చూస్తారు. తర్వాత పక్కనున్న చీటీ చదువుతారు, ఊలు ఎంత, ఆక్రిలిక్ ఎంత అని. డెబ్బై ఏళ్ళ ఆవిడ స్వెట్టర్ చెయ్యి పట్టుకుని, బొటనవేలితో, చూపుడువేలితో నలిపి, మొహం చిట్లించి కింద పడేస్తుంది. అమ్మేవాడికి అది తిట్టుకన్నా ఎక్కువ. ఈ చుట్టుపక్కల అందరికీ ఆ పని తెలుసు మరి. కార్పి ఇక్కడికి దగ్గరే, ఒకప్పుడు చెక్క పీచుతో టోపీలు అల్లిన ఊరు, తర్వాత స్వెట్టర్ల ఊరు అయింది. రెజ్జో ఎమీలియా కూడా దగ్గరే. మాక్స్ మారా కంపెనీని 1951లో అక్కడే అకిల్లే మారామోత్తి పెట్టారు. ఆయన తల్లి కుట్టుపని నేర్పే బడి నడిపేది. వాళ్ళ ఒంటె రంగు కోటు, 1981 నాటి 101801 నమూనా, ఇప్పటికీ అదే కోత. రెండు వేల యూరోల పైమాటే. అది కొనేవాళ్ళు తక్కువ, అమ్మ దగ్గరి నుంచి తీసుకుని వేసుకునేవాళ్ళు కొందరు, అలాంటిది సంతలో వెతుక్కునేవాళ్ళు చాలామంది.

మరదలు: ఈ కాలం పిల్లలు కూడా ఇలా కుట్లు చూసి కొంటారా?

వదిన: వాళ్ళు ఎక్కడి పిల్లలైనా ఒకటే. 2001లో మిలాన్‌కు జారా వచ్చింది, తర్వాత హెచ్ అండ్ ఎమ్ వచ్చింది. అవీ, ఫోనులో నొక్కితే ఇంటికి వచ్చేవీ. వెడల్పు ప్యాంటు, పొట్టి టాపు, మగవాళ్ళ కొలత కోటు. ఓవీయస్ అని ఇక్కడిదే ఒక గొలుసు దుకాణం ఉంది, మధ్యతరగతి ఇల్లు మొత్తం దాని మీదే నడుస్తుంది. పెద్ద కొనుగోళ్ళకు మాత్రం తగ్గింపుల కోసం ఆగుతారు. జనవరి మొదటి వారంలో ఒకటి, జూలై మొదట్లో ఇంకొకటి. ఎప్పుడు మొదలవ్వాలో ప్రాంతీయ ప్రభుత్వమే చెబుతుంది. కోటు నవంబరులోనే చూసి, తొడిగి, అద్దంలో అటూ ఇటూ తిరిగి, అక్కడే పెట్టి వచ్చేస్తారు. జనవరిలో వెళ్ళి తెచ్చుకుంటారు.

మరదలు: మఫ్లర్ అన్నారు ఇందాక. ఫోటోల్లో అందరి మెడలోనూ అదే. అది వాళ్ళ ప్రత్యేక శైలి అట కదా?

వదిన: సగం శైలి, సగం భయం! మెడకు గాలి తగిలితే రోగం వస్తుందని వీళ్ళకు గట్టి నమ్మకం. కోల్పో దారియా అంటారు, గాలి దెబ్బ. మెడనొప్పి, తలనొప్పి, కడుపునొప్పి, ఏది వచ్చినా గాలి మీదకే నెట్టేస్తారు. తలస్నానం చేసి తడి జుట్టుతో గుమ్మం దాటితే ఇరుగుపొరుగు ఊరుకోరు. జూలైలో 36 డిగ్రీల ఉక్కపోతలో కూడా సంచిలో పలచని చున్నీ ఒకటి ఉంటుంది, సూపర్‌మార్కెట్‌లో ఏసీ కింద నిలబడాల్సి వస్తుందని. చలికాలంలో చొక్కా లోపల ఒంటికి అతుక్కునే బనియను తప్పనిసరి. ఎంత షోకైన అమ్మాయి అయినా వంగినప్పుడు నడుము దగ్గర అది కనిపిస్తుంది.

మరదలు: మా అమ్మకు చెబితే సంతోషిస్తుంది, చెవులకు దూది పెట్టుకోమని వెంటపడేది తను ఒక్కతే కాదని.

వదిన: అత్తయ్యను ఇక్కడ వదిలితే సాయంత్రానికి నలుగురు స్నేహితురాళ్ళు దొరుకుతారు. ఇంకో సంగతి. వీళ్ళు వాతావరణం చూసి బట్టలు వేసుకోరు, క్యాలెండరు చూసి వేసుకుంటారు. ఫిబ్రవరిలో ఎండ కాసి 18 డిగ్రీలు వచ్చినా కోటు విప్పరు. అక్టోబరులో వెచ్చగానే ఉన్నా కాళ్ళకు చెప్పులు కనిపించవు, బూట్లే. పక్కన జర్మన్ యాత్రికులు నిక్కర్లతో తిరుగుతుంటే వాళ్ళ వంక జాలిగా చూస్తారు. ఏడాదికి రెండుసార్లు బీరువా మొత్తం దించి, ఒక కాలం బట్టలు ఉతికి, పెట్టెల్లో పెట్టి అటక ఎక్కించి, రెండోవి దింపుతారు. ఆ వారాంతం ఏ ఇంటికి వెళ్ళినా మంచం మీద గుట్టలే.

మరదలు: ఇంట్లో ఏం వేసుకుంటారు? మనకైతే నైటీ ఉంది.

వదిన: ఉంది! అచ్చంగా మన నైటీయే. ఇటలీ దక్షిణాదిలో పెద్దవాళ్ళు వేసుకుంటారు. చేతులు లేని పూల గౌను, ముందు గుండీలు, రెండు పెద్ద జేబులు, జేబులో బట్టల క్లిప్పులు. నేపుల్స్ ఇరుకు సందుల్లో దానితోనే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు, ఎదురింటికీ వెళ్ళివస్తారు. కానీ సాయంత్రం ఆరింటికి అందరూ వీధి చివరి కూడలికి నడకకు వెళ్తారు చూడు, అప్పుడు ఆ గౌను ఉండదు. ఇస్త్రీ చేసిన జాకెట్టు, మెడలో బాప్టిజం నాటి పతకం ఉన్న సన్నని బంగారు గొలుసు, పెదాలకు కాస్త రంగు. వెళ్ళేది రెండు వందల అడుగుల దూరమే కావచ్చు, ఊరు ఊరంతా అక్కడ ఉంటుంది మరి.

మరదలు: ఎక్కడి బట్ట అక్కడే అంటారు.

వదిన: అవును, ఆ విషయంలో గట్టివాళ్ళు. సముద్రం బట్ట సముద్రం దగ్గరే. అక్కడ అరవై ఏళ్ళ ఆవిడ రెండు ముక్కల ఈత దుస్తుల్లో నిశ్చింతగా తిరుగుతుంది, ఎవరూ చూడరు. అదే వేషంలో వీధిలోకి వస్తే మాత్రం ఒప్పుకోరు. 2022లో సొరెంతో ఊరి మేయరు, ఈత దుస్తుల్లో ఊళ్ళో తిరిగితే 500 యూరోల వరకు జరిమానా అని ఉత్తర్వు ఇచ్చారు.

మరదలు: మిలాన్ ముసలమ్మల ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో చూశాను. ముత్యాలు, బొచ్చు కోటు, బిగుతుగా దువ్విన జుట్టు.

వదిన: వాళ్ళు ఉన్నారు, షూరా అంటారు మిలాన్ యాసలో. కానీ వాళ్ళు డబ్బున్న నాలుగైదు వీధుల మనుషులు. వాళ్ళను చూసి దేశమంతా అలా ఉంటుందనుకుంటే ఎలా? జుట్టు పిచ్చి మాత్రం అన్ని తరగతులకూ ఉంది. పింఛను మీద బతికే ఆవిడ కూడా వారానికోసారి జుట్టు సెట్ చేయించుకుంటుంది. సోమవారం మాత్రం వెళ్ళకు, ఆ రోజు చాలా క్షౌరశాలలకు సెలవు.

ఇంకో తమాషా. 2023లో ఇక్కడి డెమోక్రటిక్ పార్టీకి తొలి మహిళా నాయకురాలైన ఎల్లీ ష్లైన్, తన ఒంటికి ఏ రంగులు నప్పుతాయో చెప్పడానికి ఒకావిడకు డబ్బు ఇస్తున్నానని వోగ్ పత్రికలో చెప్పారు. గంటకు వందల యూరోలు. వామపక్షం మనిషికి ఇంత ఖర్చా అని వారాల తరబడి రభస. ఆ రంగుల శాస్త్రం అప్పటికే ఇక్కడ ఊపు మీద ఉంది, మా ఆఫీసులోనే ఇద్దరు చీటీ చేతిలో పెట్టుకుని బట్టలు కొంటున్నారు. నలుపు వేసుకోవద్దని ఆ చీటీలో రాసి ఉంటుంది, చలికాలం రాగానే మళ్ళీ నల్ల జాకెట్టే.

మరదలు: చివరగా ఒక శ్రోత ప్రశ్న. వాళ్ళ అమ్మాయికి బొలోన్యా విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది, సెప్టెంబరులో ప్రయాణం. ఏం సర్దుకోవాలి?

వదిన: చలికాలపు కోటు అక్కడ కొనొద్దు, మన దగ్గర దొరికేవి ఇక్కడి జనవరికి ఆగవు. సంతలో కొనుక్కోవచ్చు. పాత ఊరిలో కిలోమీటర్ల కొద్దీ వసారాల కిందే నడక, గొడుగు పెద్దగా అక్కరలేదు, జారని అడుగు ఉన్న బూట్లు కావాలి. నూలు కుర్తాలు తెచ్చుకోమను, జీన్స్ మీద వేసుకుంటే ఇక్కడివాళ్ళే ఎక్కడ కొన్నావని అడుగుతారు. చున్నీలు నాలుగైదు. చర్చిలోకి భుజాలు కప్పుకుని వెళ్ళాలి, ఏసీ గదిలో మెడకు కావాలి, ఫిబ్రవరిలో మఫ్లర్ అవుతుంది. ఇస్త్రీపెట్టె మాత్రం వద్దు, బరువు. ఇక్కడ అద్దెకు తీసుకునే చాలా గదుల్లో అది ముందే ఉంటుంది.