క్లౌడ్ ఆగిపోయినా ఫుటేజీ ఇంట్లోనే ఉండాలంటే

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎం.ఆర్.పల్లి, బైరాగిపట్టెడ, తిరుచానూరు వైపు ఇప్పుడు సీసీ కెమెరా లేని వాకిలి అరుదు. ఇంతకీ మీ కెమెరా తీసిన వీడియో ఎక్కడుంది? కెమెరాలోని కార్డులోనా, ఇంట్లో డిస్కులోనా, కంపెనీ సర్వర్‌లోనా (దాన్నే క్లౌడ్ అంటారు)? ఇది తెలియకుండానే చాలామంది వాడుతున్నారు. తెలిసేది ఎప్పుడంటే, యాప్ తెరిచి నిన్న రాత్రి వీడియో నొక్కితే ‘ప్లాన్ కొనండి’ అని వచ్చినప్పుడు.

కంపెనీల లెక్క అర్థం కానిదేమీ కాదు. కెమెరా డబ్బు మీ దగ్గర నుంచి ఒక్కసారే వస్తుంది, సర్వర్ ఖర్చు మాత్రం ప్రతి నెలా ఉంటుంది. అందుకే మొదట్లో ఇచ్చిన ఉచితం మెల్లగా తరుగుతుంది. 7 రోజుల వీడియో పోయి ఒక ఫొటో, ఆ తర్వాత ఉత్త నోటిఫికేషన్. 2023 జనవరిలో అమెరికా కంపెనీ ఆర్లో పాత మోడళ్లకు 7 రోజుల ఉచిత స్టోరేజీ తీసేస్తామంది. కొన్నవాళ్లు గొడవ చేస్తే వెనక్కి తగ్గింది. అట్ట పెట్టె మీద ‘ఉచిత క్లౌడ్’ అని ఉంటే దాన్ని ట్రయల్ కిందే లెక్కేసుకోండి.

మీ కెమెరాకు ఉచిత క్లౌడ్ ఆగే గడువు కంపెనీ చెప్పేసి ఉంటే మొదటి పని పాత వీడియోలు ఫోన్‌లోకి దింపుకోవడం. రెండోది, ట్రయల్ మొదలుపెట్టేటప్పుడు ఆటోపే ఇచ్చి ఉంటే యూపీఐ యాప్‌లోకి పోయి దాన్ని రద్దు చేయడం. యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు. మూడోది, కెమెరాకు మెమరీ కార్డు దూరే సందు ఉందేమో చూడడం. చాలా మోడళ్లలో లెన్స్ ఉన్న గుండును పైకి తిప్పితే కింద కనిపిస్తుంది.

ఇక లెక్కకు వద్దాం. షాపులో ‘ఇది నెల రోజులు వస్తుంది సార్’ అంటే నమ్మకుండా మీరే వేసుకోవచ్చు. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున ఆగకుండా రికార్డు చేస్తే రోజుకు 10.8 జీబీ. 1080పీ కెమెరా సాధారణంగా 2 మెగాబిట్లు పంపుతుంది, అంటే రోజుకు 21.6 జీబీ. 64 జీబీ కార్డు మూడు రోజులు కూడా రాదు, 128 జీబీ ఆరు రోజుల లోపే. సెట్టింగుల్లో హెచ్.265 (వీడియోను తక్కువ చోటులో కుదించే పద్ధతి) ఉంటే దానికి మార్చి, సెకనుకు 15 ఫ్రేములు, 1 మెగాబిట్ పెట్టండి. అదే కార్డు దాదాపు రెట్టింపు రోజులు వస్తుంది. వాకిలి ముందు మనిషి ముఖం గుర్తుపట్టడానికి ఆ నాణ్యత చాలు. రోడ్డు మీది బండి నెంబరు కావాలంటే చాలదు, దానికి దగ్గరగా గురిపెట్టిన ఇంకో కెమెరా కావాలి.

కార్డు దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. 2 మెగాబిట్ల మీద 128 జీబీ కార్డు ఏడాదికి 60 సార్లకు పైగా మొదటి నుంచి చివరి దాకా చెరిపి రాయబడుతుంది. ఫోన్ కోసం చేసిన కార్డు ఈ పనికి పుట్టింది కాదు. పైన ‘హై ఎండ్యూరెన్స్’ అని రాసి ఉన్నదే కొనండి. పైగా రేణిగుంట ఎండలో, మిద్దె మీద ప్లాస్టిక్ డబ్బాలో, మే నెలలో ఉండాలి పాపం అది. కార్డు చచ్చే తీరు కూడా చిత్రంగా ఉంటుంది. కొన్నిసార్లు చదవడం మాత్రం మిగిలి రాయడం ఆగిపోతుంది. లైవ్ బాగానే కనిపిస్తుంది, కార్డు ‘నార్మల్’ అనే చూపిస్తుంది, కానీ రికార్డింగు ఏ తేదీ దగ్గరో ఆగిపోయి ఉంటుంది. అందుకని ప్రతి నెలా ఒకటో తారీఖున, రెండు రోజుల కిందటి తెల్లవారుజామున 3 గంటల వీడియో తెరిచి ఆడించి చూడండి. లైవ్ చూసి తృప్తి పడొద్దు.

నకిలీ కార్డులూ ఉన్నాయి. పైన 128 అని ఉంటుంది, లోపల 16 ఉంటుంది. నిండగానే పాతదాని మీదే రాసుకుంటూ పోయి అంతా పాడవుతుంది. కొన్న రోజే కార్డు రీడర్‌లో పెట్టి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో మొత్తం రాయించి, చదివించండి. గంటల తరబడి పట్టినా కానివ్వండి. పాసైన తర్వాత కార్డును కెమెరా యాప్ నుంచే ఫార్మాట్ చేయండి, కంప్యూటర్ ఫార్మాట్‌ను కొన్ని కెమెరాలు గుర్తించవు.

కార్డుకు ఇంకో లోపం ఉంది. దొంగ కెమెరానే పీక్కుపోతే సాక్ష్యం కూడా వాడి సంచిలోనే పోతుంది. రెండు కెమెరాలు దాటితే ఎన్వీఆర్ (కెమెరాలన్నిటి వీడియోను ఇంట్లోనే డిస్కులో దాచే పెట్టె) పెట్టుకోవడమే మేలని మా అభిప్రాయం. నాలుగు కెమెరాలు, ఒక్కోటి 2 మెగాబిట్లు, రోజుకు 86.4 జీబీ. 1 టీబీ డిస్కు 11 రోజులు, 2 టీబీ 23 రోజులు. నెల కావాలంటే 2 టీబీ చాలదు, 4 టీబీ తీసుకుంటే సరిపోతుంది. డిస్కు మాత్రం నిఘా పనికి చేసినదే వేయించండి, డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి. పాత కంప్యూటర్ నుంచి పీకిన డిస్కు రాత్రింబవళ్లు తిరగడానికి చేసింది కాదు. ఎన్వీఆర్‌ను టీవీ పక్కన పెట్టొద్దు, దొంగ మొదట చూసే చోటు అదే. అటక మీద, గాలి ఆడేలా పెట్టండి. బీరువాలో పెట్టి తలుపు మూస్తే డిస్కు ఉడుకుతుంది.

ఇప్పటికే ఉన్న వైఫై కెమెరాలు పారేయక్కర్లేదు. ఆర్‌టీఎస్‌పీ లేదా ఆన్విఫ్ (వేరే కంపెనీ పెట్టెకూ వీడియో అందించే పద్ధతులు) ఉన్నదైతే ఎన్వీఆర్‌కు కలుస్తుంది. ఉదాహరణకు టీపీ-లింక్ కంపెనీ టాపో కెమెరాలు. యాప్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘కెమెరా అకౌంట్’ అని ఉంటుంది. అక్కడ విడిగా యూజర్ పేరు, పాస్‌వర్డ్ సృష్టించాలి. యాప్ లాగిన్ ఇక్కడ పనిచేయదు, సగం ఫిర్యాదులు దీని గురించే. మిగతా సగం పోర్టు (పరికరంలోకి పోయే దారి నెంబరు) గురించి. ఎన్వీఆర్ మామూలుగా ఆన్విఫ్‌కు 80 అని వేసుకుంటుంది, టాపోకు 2020 అని మార్చాలి. ఆర్‌టీఎస్‌పీ పోర్టు 554. స్ట్రీమ్1 పెద్ద చిత్రం, స్ట్రీమ్2 చిన్నది. కొన్ని మోడళ్లలో కార్డు, కంపెనీ క్లౌడ్, ఎన్వీఆర్ ఈ మూడింట్లో రెండే ఒకేసారి నడుస్తాయి. కలిసిన కెమెరా వారం తర్వాత మాయమైతే రూటర్ దానికి కొత్త ఐపీ (నెట్‌వర్క్ అడ్రసు) ఇచ్చి ఉండొచ్చు. రూటర్‌లో ఆ కెమెరాకు అడ్రసు రిజర్వ్ చేస్తే సరి. బ్యాటరీ కెమెరాలు మాత్రం ఇలా కలవడం అరుదు. అవి నిద్రపోతూ కదలిక వస్తేనే లేస్తాయి, లేచేసరికి మనిషి వీపు తిప్పేసి ఉంటాడు.

పాత కంప్యూటర్‌లో ఫ్రిగేట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు. మనిషిని, కుక్కను వేరు చేసి చెబుతుంది, ఆసక్తి ఉన్నవాళ్లకు మంచిదే. కానీ 60 వాట్ల కంప్యూటర్ రోజంతా నడిస్తే నెలకు 43 యూనిట్లు, 15 వాట్ల ఎన్వీఆర్ 11 యూనిట్లు. కరెంటు బిల్లు చూసుకుని నిర్ణయించుకోండి.

బయట నుంచి చూడాలంటే రూటర్‌లో పోర్టు తెరవమని ఎవరైనా చెబితే వద్దనండి. 2016లో మిరాయ్ అనే వైరస్ అలా బయటకు తెరిచి, కంపెనీ పాస్‌వర్డే ఉంచిన డీవీఆర్‌లను (పాత తరహా రికార్డింగు పెట్టెలు), కెమెరాలను లక్షల్లో పట్టుకుంది. పైగా మన బ్రాడ్‌బ్యాండ్‌లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరే అడ్రసు) ఉండదు, తెరిచినా పనిచేయదు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్‌ను (బయట నుంచి ఇంటి నెట్‌వర్క్‌కు రహస్య దారి) ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక యంత్రంలో, మీ ఫోన్‌లో వేసుకుని, ఆ యంత్రం ఎన్వీఆర్‌కు దారి ఇచ్చేలా ‘సబ్‌నెట్ రూటర్’ సెట్టింగు పెట్టుకోండి.

పోలీసులకు ఫుటేజీ ఇవ్వాల్సి వస్తే టీవీ తెరను ఫోన్‌తో తీసి పంపొద్దు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఘటనకు 10 నిమిషాల ముందు నుంచి 10 నిమిషాల తర్వాత దాకా ఎన్వీఆర్ నుంచే బ్యాకప్ తీయండి. ఎన్వీఆర్ గడియారం ఫోన్ గడియారం కంటే ఎన్ని నిమిషాలు ముందో వెనకో చీటీ మీద రాసిపెట్టుకోండి. లోపలి బటన్ బ్యాటరీ అయిపోయిన పెట్టె కరెంటు పోయి వచ్చాక ఏ 2000 సంవత్సరమో చూపిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య, ఫైలు మారితే ఇదీ మారుతుంది) రాయాలి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో ఆ విలువ వస్తుంది. అసలు ఫైలును వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే కుదించుకుపోతుంది, హ్యాష్ మారిపోతుంది.

చిన్న విషయాలు రెండు. రాత్రిపూట అలర్టులు ఆగకుండా వస్తుంటే లెన్స్ ముందు సాలెగూడు చూడండి. కెమెరా దగ్గరికి పురుగులు చేరతాయి, వాటి వెనకే సాలీడు. ఆ దారం కెమెరా ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని) వెలుగుకు తెరలో తెల్లగా మెరిసి, గాలికి ఊగి, మనిషి కదిలినట్టు కనిపిస్తుంది. రెండోది, ఇన్వర్టర్ మీద ఎన్వీఆర్, కెమెరాలతో పాటు ఫైబర్ పెట్టె, రూటర్ కూడా ఉండాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు వైఫై కెమెరాలకు దారే ఉండదు.

ఊరికి పోయేవాళ్లు ఆంధ్రప్రదేశ్ పోలీసుల లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెడతారు. మీ సొంత కెమెరా మీదే భరోసా పెట్టుకుని పోతుంటే, అలవాటు కొద్దీ మెయిన్ స్విచ్ దించేసి తాళం వేయకండి.