గమ్యం మూడేళ్లకు, పని మూడు నెలలకు

నమస్కారం. మీ స్వచ్ఛంద సంస్థకు ఐదేళ్ల ప్రణాళిక ఉందా? ఉంటే ఆ ఫైల్ చివరిసారి ఎప్పుడు తెరిచారు? దాతలు అడిగినప్పుడు, అంతేనా?

ఈ వీడియోలో నేను చెప్పేది ఒక్కటే. గమ్యాన్ని మూడేళ్లకు ఖాయం చేసుకోండి, పనిని మాత్రం మూడు నెలలకు మించి ప్లాన్ చేయకండి.

ఒక పెద్ద కాగితం తీసుకోండి. కుడి చివర, మీవల్ల ఎవరి జీవితంలో ఏం మారాలో ఒక్క వాక్యం రాయండి. "పిల్లలకు చదువు చెబుతాం" అని రాస్తే అది మీ పని మాత్రమే. "మూడో తరగతి అయ్యేసరికి ప్రతి పిల్లా తనంతట తాను కథ చదవగలగాలి", ఇదీ మార్పు. ఇప్పుడు అక్కణ్ణుంచి వెనక్కి రండి. అది జరగాలంటే ముందు ఏం జరగాలి? దానికి ముందు? బాణాలు గీస్తూ పోండి. దీన్నే థియరీ ఆఫ్ చేంజ్ అంటారు. పేరు విని టెన్షన్ పడొద్దు.

అసలు సంగతంతా ఆ బాణాల్లోనే ఉంది. "పుస్తకాలిస్తే చదువుతారు" అని ఒక బాణం గీశారనుకోండి. నిజంగా చదువుతారా? ఇంట్లో కూర్చునే చోటుందా, చదివేంత తీరిక ఉందా? మీకు నమ్మకం లేని ప్రతి బాణం మీదా ప్రశ్నార్థకం పెట్టండి. మొదటి మూడు నెలల పని ఆ ప్రశ్నార్థకాల్లోంచే ఎంచుకోండి.

ఇక్కడ అజైల్ పనికొస్తుంది. అంటే పనిని చిన్న చిన్న విడతలుగా చేస్తూ, తెలిసిన దాన్నిబట్టి ప్లాన్ మార్చుకుంటూ పోయే పద్ధతి. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి రాసిన ప్రకటనతో ఈ పేరు స్థిరపడింది. ప్లాన్‌ను పట్టుకుని వేలాడటం కంటే మార్పుకు తగ్గట్టు నడుచుకోవడం మేలన్నారు. ప్లానే వద్దనలేదు, ఆ సగం చాలామంది మింగేస్తారు.

గోడ మీద మూడు గడులు గీయండి: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. పనికో చీటీ. మధ్య గడిలో ఒక్కొక్కరి పేరున రెండుకు మించి ఉండకూడదు. వారానికోసారి బోర్డు ముందు నిలబడి పావుగంట మాట్లాడుకుంటే చాలు.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే కస్టమర్ కొనడం మానేస్తాడు. మన దగ్గర డబ్బిచ్చేది ఒకరు, సేవ అందుకునేది ఇంకొకరు. ఉన్న సాయం కూడా పోతుందేమోనని వాళ్లు నోరు విప్పరు. కాబట్టి మీరే వెళ్లి అడగాలి, వీలైతే ఆ సేవ అందించిన మనిషి కాకుండా వేరొకరు అడగాలి. పిల్లల భద్రత, లెక్కాపత్రాల మీద మాత్రం ప్రయోగాలు వద్దు.

డబ్బు దగ్గరకొద్దాం. గ్రాంట్ ఒక పనికే కట్టేసి ఉంటే ఎంత అజైల్ అయినా కదలదు. అందుకే ప్రతిపాదన రాసేటప్పుడే ఫలితాన్ని ఖాయంగా, కార్యక్రమాలను "మూడు నెలలకోసారి సమీక్షిస్తాం" అని రాయండి. ఒక పద్దులోంచి ఇంకో పద్దుకు ఎంతవరకు మార్చుకోవచ్చో ముందే అడగండి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు చాలామంది దాతలు షరతులు సడలించారు. అంటే అడిగితే కుదిరే విషయమే.

మూడు నెలలయ్యాక ట్రస్టీలు, సిబ్బంది, వాలంటీర్లు కలిసి కూర్చుని ఆ కాగితం మళ్లీ తీయండి. ఏ ప్రశ్నార్థకం తేలింది, ఏది తేలలేదు చూసుకోండి. తర్వాత ఏ పని ఆపేస్తున్నామో ఒక్కటైనా తేల్చేదాకా ఎవరినీ లేవనివ్వకండి. ఆపే ముందు, దాని మీద ఆధారపడ్డవాళ్లకు స్వయంగా వెళ్లి చెప్పండి.