కిడ్స్ ఆన్ ద స్లోప్ రివ్యూ: ముందు చేతులు చూడండి
అందరికీ నమస్కారం. ఈరోజు "కిడ్స్ ఆన్ ద స్లోప్" గురించి. 2012 అనిమే (జపాన్ యానిమేషన్) సిరీస్, 12 ఎపిసోడ్లు, దర్శకుడు షినిచిరో వతనబే, సంగీతం యోకో కన్నో. కథ మీరు ఎక్కడో చదివే ఉంటారు: 1966, జపాన్‌లో ససెబో ఊరు, పియానో వాయించే కవోరు, డ్రమ్స్ వాయించే సెంతారో. అందుకే తిన్నగా చేతుల దగ్గరికి వెళ్దాం.

మామూలుగా అనిమేలో పియానో సీన్ వస్తే ముఖం చూపిస్తారు, కిటికీ చూపిస్తారు, వేళ్లు మాత్రం దాచేస్తారు. ప్రతి నోటుకీ వేలు సరిగ్గా పడేలా గీయడం అంత కష్టం. ఇక్కడ అలా దాచలేదు. పియానోకి తకాషి మత్సునగా, డ్రమ్స్‌కి షున్ ఇషివాక నిజంగా వాయిస్తుంటే కెమెరాలతో తీసి, అది చూసి గీశారు. స్నేర్ డ్రమ్ మీద కర్ర పడిన క్షణమే మోత వినిపిస్తుంది.

మొదటి ఎపిసోడ్‌లో కవోరు "మోనిన్" అనే జాజ్ పాట వాయించబోతే సెంతారో అది జాజ్ కాదు, స్వింగ్ (జాజ్‌కి ఉండే ఊపు) లేదు పొమ్మంటాడు. ఎందుకో చెప్తాను. కవోరు నేర్చుకున్నది క్లాసికల్, బీట్‌ని సరిగ్గా సగానికి కోస్తాడు. స్వింగ్ అలా ఉండదు. మన తిస్ర గతిలో (ఒక బీట్‌ని మూడు భాగాలు చేసే నడక) "త-కి-ట" అనుకోండి: "త-కి" రెండూ కలిపి ఒక పొడుగు నోటు, "ట" ఒక పొట్టి నోటు. దాదాపు ఆ కొలతే. వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. ఇప్పుడు డ్రమ్స్‌లో రైడ్ సింబల్ (కర్రతో కొట్టే పెద్ద లోహపు పళ్లెం) వినండి: టింగ్, టింగ్-క-టింగ్. ఆ "క" ఎక్కడ పడుతుందో పట్టుకుంటే సెంతారో కోపం అర్థమవుతుంది.

ఇక ఏడో ఎపిసోడ్. స్కూల్ ఫెస్టివల్‌లో కరెంటు పోతుంది. రాక్ బ్యాండ్ గిటార్లకి ఆంప్లిఫయర్ లేకపోతే గొంతే లేదు. పియానోకి, డ్రమ్స్‌కి కరెంటుతో పనేంటి? కవోరు ఒక్కడే మొదలుపెడతాడు, సెంతారో వచ్చి కలుస్తాడు. ఆరో ఎపిసోడ్‌లో గొడవపడి మాటలు మానేసిన ఇద్దరు అక్కడ రాజీ పడతారు, ఒక్క డైలాగ్ లేకుండా! ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారుతూ చివరికి "మోనిన్"కే వస్తారు. అనిమేలో ఇంత బాగా తీసిన సంగీత సన్నివేశం నేను వేరే చూడలేదు.

చూసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఫోన్ స్పీకర్‌లో వద్దు. డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాయిద్యం) అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్‌కి అది అందదు. బ్లూటూత్‌లో కర్ర పడ్డాక శబ్దం ఆలస్యంగా వస్తుంటే వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, లేకపోతే ఇంత కష్టపడి గీసిందంతా దండగ. టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికని నున్నగా చేసే సెట్టింగ్) కూడా ఆపేయండి, చేతులు అలుక్కుపోతాయి.

నాకు కోపం తెప్పించింది చివరి ఎపిసోడ్లు. యూకి కొదమ మాంగా (జపాన్ కామిక్)లో మూల కథకే 9 సంపుటాలు పట్టింది. దాన్ని 12 ఎపిసోడ్లలో కుక్కారు. ట్రంపెట్ వాయించే జునిచి, అతన్ని ప్రేమించే యురికల కథ ఊపిరి తీసుకోకుండా పరుగెడుతుంది, ఆఖరి ఎపిసోడ్‌లో ఏళ్లకి ఏళ్లే దాటేస్తారు. ఇంకో నాలుగు ఎపిసోడ్లు ఇవ్వాల్సింది!

అయినా తప్పకుండా చూడండి. ఏడోదానికి మాత్రం నేరుగా దూకకండి. ఆరులో ఆ గొడవ చూడకపోతే పియానో ముందు కవోరు ఒంటరిగా ఎందుకు కూర్చున్నాడో తెలియదు.